లిస్టులో లేని ఫ్యూయల్ స్టాప్

ఉదయం ఆరుంపావుకి పడమటి తీరంలోని పెద్ద ఎయిర్‌పోర్టు రన్‌వే నడిమధ్యన బాంబు పేలింది. ఎవరూ చావలేదు. చావాల్సిన మనిషి అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, ఆసుపత్రి మంచం మీద, అప్పటికే సగం చచ్చి ఉంది. బాంబు పెట్టినవాళ్లకి కావలసింది మిగతా సగం.

ఏడింటికి, దేశానికి ఈ చివర, తూర్పు తీరంలో, డిపార్ట్‌మెంట్ చీఫ్ తన గది తలుపు లోపల గడియ పెట్టాడు. ఎదురుగా నిలబడ్డ ఏజెంటుకి యాభై దాటాయి, జుట్టు పలచబడింది, జలుబుతో ముక్కు దిబ్బడ వేసింది. డిపార్ట్‌మెంట్‌లో అతన్ని తాబేలు అంటారు. దానికి కారణం అతని విమానం. రెండు సీట్లు, ఒక్క ఇంజను. రైలుతో పందెం వేస్తే రెండిటికీ గెలిచే అవకాశం ఉంటుంది.

"చెల్లెలి సంగతి తెలిసిందా?" అన్నాడు చీఫ్.

"తెలిసింది సార్."

"కాఫీలో విషం కలిపారు. వేళ్లతో మొదలై గుండె దాకా పోతుంది. విరుగుడు మన ల్యాబ్‌లో ఒకే ఒక్క సీసా ఉంది. సాయంత్రం అయిదు దాటితే అది మందు కాదు, నీళ్లు."

మందు ఇక్కడ, మనిషి అక్కడ. మధ్యలో దేశమంతా అడ్డంగా పడుకుని ఉంది.

తాబేలు చెల్లెలు కూడా ఏజెంటే. కోడ్ నేమ్ పిచ్చుక. విదేశాల్లో పనిచేస్తున్న ముప్ఫై ఒక్కమంది ఏజెంట్ల పేర్లు ఆ సాయంత్రమే దేశం దాటబోతున్నాయి. అమ్ముతున్నది డిపార్ట్‌మెంట్‌లోని మనిషే. ఆ మనిషికి చీఫ్ పెట్టిన పేరు గుడ్లగూబ. గుడ్లగూబ ఎవరో, పేర్లు ఏ దారిన పోతున్నాయో పిచ్చుక కనిపెట్టింది. చెప్పేలోపే కాఫీ తాగింది.

"ఎయిర్‌ఫోర్స్‌ని అడగొచ్చుగా సార్."

"ఫైలు ఆరు బల్లలు దాటాలి. ఆ ఆరింటిలో ఒక బల్ల గుడ్లగూబది. ఏ బల్లో నాకు తెలిస్తే నిన్ను పిలుస్తానా?" చీఫ్ సీసాని బల్ల మీద పెట్టాడు. బొటనవేలంత ఉంది. "అక్కడి పెద్ద రన్‌వే పేల్చేశారు. ఆసుపత్రి వెనక ఫ్లయింగ్ క్లబ్బు వాళ్ల పాత స్ట్రిప్ ఉంది. నీ డొక్కు విమానం తప్ప ఇంకేదీ అక్కడ దిగదు."

"నా ట్యాంకులు నాలుగున్నర గంటలకే సార్. దారి ఏడు గంటలు."

"అందుకే స్టాపులు. రూట్ నెమలి వేసింది. మన ముగ్గురికి తప్ప నాలుగో మనిషికి తెలియదు."

నెమలి రూట్ రూమ్ అధికారి. పట్టు స్కార్ఫు, ఎత్తు మడమల చెప్పులు, ఏడు భాషలు. ఆమె నడిచి వెళ్తుంటే కుర్రాళ్లు ఫైళ్లు తలకిందులుగా పట్టుకుంటారని ఆఫీసులో జోకు. ఆ గదిలో గోడంతా మ్యాపు. రెండు చోట్ల ఎర్ర పిన్నులు గుచ్చి ఉన్నాయి.

"మొదటి స్టాపు పంచదార మిల్లు స్ట్రిప్. రెండోది సిమెంటు ఫ్యాక్టరీది. పెట్రోలు పోసే మనిషితో మీరు 'వాన వచ్చేలా ఉందే' అనాలి. అతను 'గొడుగు మా ఆవిడ తీసుకెళ్లింది' అంటాడు. జలుబు ఇంకా తగ్గలేదా?"

"ముక్కు ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వస్తోంది."

ఆమె నవ్వి రూట్ షీటు అందించింది. కాగితం మూలన గ్లాసు అడుగంత గుండ్రటి నూనె మరక ఉంది. తాబేలు దాని వంక చూడటం ఆమె గమనించింది.

"హ్యాండ్ క్రీమ్. రాసుకోకపోతే నా చేతులు కూడా మీ చేతుల్లా అయిపోతాయి." బల్ల మీదున్న చిన్న రేకు డబ్బాని చూపించింది. "ఈ దారిలో మీకు తెలిసిన స్ట్రిప్ ఇంకేదైనా ఉందా? ఎమర్జెన్సీకి?"

"లేదు," అన్నాడు తాబేలు.

ఉంది. పొలాలకు పురుగుమందు చల్లే విమానం నడుపుకుంటున్న మనిషిది. ఆ మనిషి పిచ్చుక మొగుడు, తాబేలుకి స్వయానా బావ. బడిలో పాఠాలు చెప్పుకుంటున్న చెల్లెల్ని 'ఒక్క ఉత్తరం చేర్చి రామ్మా' అని ఈ పనిలోకి లాగింది తాబేలే. ఆ ఒక్క ఉత్తరం ఎనిమిదేళ్లయింది. ఆ ఇంట్లో మళ్లీ కాలు పెట్టవద్దని బావ చెప్పి కూడా ఎనిమిదేళ్లే అయింది. అక్కడ దిగడానికి రన్‌వే ఉంది, మొహమే చెల్లదు.

ఏడున్నరకి బయలుదేరాడు. వేషం విత్తనాల కంపెనీ సేల్స్‌మేన్‌ది. టెక్నికల్ సెక్షన్ వాళ్లు కెమెరా ఉన్న వాచీ, మడమలో కత్తి ఉన్న బూట్లు ఇచ్చారు. అతను నమ్ముకున్నవి వేరే. ట్యాంకులో ముంచి చూసే ఒక కర్ర ముక్క, దాని మీద బ్లేడుతో పెట్టిన గాట్లు. పెట్రోలు రంగు చూసుకునే చిన్న గాజు కప్పు. డయల్ అబద్ధం చెబుతుంది, కర్ర చెప్పదు. ఇరవై ఏళ్లుగా ఎక్కడ దిగినా ముందు పరీక్ష, తర్వాతే పెట్రోలు. ఆ పద్ధతి చూసి విసుక్కున్నవాళ్లే ఎక్కువ.

ఆ రోజు ఒక్కసారి పద్ధతి తప్పాడు.

పంచదార మిల్లు స్ట్రిప్‌లో పెట్రోలు పోసేది ఎప్పుడూ ఒక ముసలాయన. ఆ రోజు ఇస్త్రీ చేసిన యూనిఫాంలో ఎవరో కొత్త మనిషి ఉన్నాడు.

"వాన వచ్చేలా ఉందే," అన్నాడు తాబేలు.

"గొడుగు మా ఆవిడ తీసుకెళ్లింది సార్. పెద్దాయన సెలవు."

కోడ్ సరిపోయింది. ఎదురుగాలికి అప్పటికే పాతిక నిమిషాలు పోయాయి. తాబేలు కుడి రెక్క వైపు చెయ్యి చూపించి, మొహం కడుక్కోవడానికి పంపు దగ్గరికి వెళ్లాడు. వచ్చేసరికి కుడి ట్యాంకు నిండింది. అలవాటు ఊరుకోక అప్పుడు గాజు కప్పు తీసి, రెక్క కింద ట్యాంకు అడుగునున్న బిళ్ల నొక్కి, కారిన పెట్రోలు కొంచెం పట్టి వెలుగులో చూశాడు. నీలం. విమానం పెట్రోలు ఉండాల్సిన రంగే. వాసన చూద్దామంటే ముక్కు లేదు. ఆఖరి పరీక్ష ఒకటుంది. చుక్క కాగితం మీద వేస్తే, పెట్రోలయితే రెండు నిమిషాల్లో ఆనవాలు లేకుండా ఆరిపోతుంది. చేతిలో ఉన్న కాగితం రూట్ షీటు ఒక్కటే. దాని మీదే వేశాడు.

రెండు నిమిషాలయింది. చుక్క ఆరలేదు. కాగితం అక్కడ నూనె పీల్చి పారదర్శకంగా మారింది, అంచున సన్నగా నీలం గీత నిలిచింది. కిరసనాయిలు. పెట్రోలులా కనిపించాలని రంగు కలిపిన కిరసనాయిలు. పైకెగిరిన పది నిమిషాలకి ఇంజను ఆగిపోతుంది, పేపర్లో ప్రమాదమని వస్తుంది.

ఆ మరకకి నాలుగు వేళ్ల దూరంలో పొద్దుటి గుండ్రటి మరక ఉంది. అదే పారదర్శకత, అంచున అదే నీలం గీత.

ఎవరో ఒక గ్లాసులో కిరసనాయిలు పోసి, రంగు సరిపోయిందో లేదో చూసుకుని, తడి గ్లాసుని ఈ కాగితం మీదే పెట్టారు. జలుబు తగ్గిందా అని అడిగింది కూడా వాళ్లే. గుడ్లగూబ అని ఇన్నాళ్లూ వెతుకుతున్నది నెమలినే.

"ఎడమ రెక్క కూడా నింపేయనా సార్?" అన్నాడు ఇస్త్రీ యూనిఫాం. అతని చూపు కాగితం మీద పడింది. చెయ్యి చొక్కా కిందికి పోయింది.

తాబేలు మడమ నేలకేసి కొట్టాడు. బూటులోంచి కత్తి రాలేదు. డిపార్ట్‌మెంట్ సామాను ఎప్పుడూ అంతే. పక్కన వేలాడుతున్న పెట్రోలు పైపు అందుకుని దాని ఇత్తడి మూతితో అతని కణత మీద కొట్టాడు. అది పనిచేసింది.

అసలు ముసలాయన పీపాల వెనక పడుకుని ఉన్నాడు. ఇక లేవడు. పదిహేనేళ్లుగా ఆయన తన విమానానికి పెట్రోలు పోశాడు, చలికాలం అయితే టీ కూడా ఇచ్చాడు. ఆయన పేరు అడగాలని తాబేలుకి ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడు తోచింది. టోపీ తీసి ఆయన మొహం మీద కప్పి వచ్చాడు.

పీపాలన్నింటిలోనూ అదే నీలం కిరసనాయిలు. తన ట్యాంకులో కర్ర ముంచి చూశాడు. ఎడమ ట్యాంకులో యాభై నిమిషాల పెట్రోలు. సిమెంటు ఫ్యాక్టరీ రెండున్నర గంటల దూరం, అక్కడ కూడా ఇంకో ఇస్త్రీ యూనిఫాం ఉంటుంది. చీఫ్‌కి చెప్పాలన్నా లైన్లన్నీ నెమలి గదిలోంచే పోతాయి. చెప్పినా చేతిలో ఉన్న సాక్ష్యం నూనె మరక. మ్యాపు మీద యాభై నిమిషాల మేర వేలితో గుండ్రంగా గీశాడు. ఆ గీత లోపల ఉన్న స్ట్రిప్ ఒక్కటే. పొద్దున తను లేదని చెప్పినదే అది.

కుడి ట్యాంకు పైపు కట్టేసి పైకెగిరాడు. చెల్లెలు బతుకుతుందన్న ఆశ అతనిలో ఆ పాటికే లేదు. చేతులు మాత్రం పని ఆపలేదు.

రేకుల షెడ్డు ముందు దిగేటప్పటికి పదకొండున్నర. పసుపు రంగు పురుగుమందు విమానం ఇంజను విప్పి, భాగాలన్నీ గోనె మీద పరిచి ఉన్నాయి. బావ చేతిలో రెంచితో బయటికి వచ్చాడు. గడ్డం నెరిసింది.

"ఫోన్ ఉందా?" అన్నాడు తాబేలు.

"ఎనిమిదేళ్ల తర్వాత వచ్చి అడిగే మొదటి మాట ఇదా, బావగారూ? లోపలుంది. మీ పని కానివ్వండి."

తాబేలు నెమలికి ఫోన్ చేశాడు. "స్టాపులో గొడవైంది. సీసా పగిలిపోయింది. పిచ్చుక ఇక లేనట్టే. చీఫ్‌కి మీరే చెప్పండి. నాకు నోరు రావడం లేదు."

"అయ్యో," అంది నెమలి. గొంతులో దుఃఖం చక్కగా పలికింది. "ఎక్కడున్నారు మీరు?"

"ఎక్కడుంటే ఏముంది?" పెట్టేశాడు.

వెనక్కి తిరిగితే బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"పిచ్చుక ఎవరు?"

తాబేలు వంగి బూటు విప్పసాగాడు.

"మీ ఆఫీసులో పిచ్చుక అని ఎవర్ని పిలుస్తారు, బావగారూ?"

తాబేలు మేజోడులోంచి సీసా తీసి చూపించాడు. "పగల్లేదు. వాళ్లు నమ్మాలని అలా చెప్పాను. అయిదింటిలోగా ఇది దానికి చేరాలి. విషం పెట్టారు."

బావ రెంచి బల్ల మీద జాగ్రత్తగా పెట్టి, ఖాళీ చేత్తో చెంప మీద కొట్టాడు. తాబేలు కదలకుండా నిలబడ్డాడు. ఎనిమిదేళ్ల బాకీ అంత తక్కువలో తీరదని ఇద్దరికీ తెలుసు.

"కుడి రెక్కలో ఏముంది?" అన్నాడు బావ.

"కిరసనాయిలు."

"తోడాలి. రెండుసార్లు పెట్రోలుతో కడగాలి. లేకపోతే నువ్వూ పోతావు."

ఇద్దరూ మాటల్లేకుండా పనిచేశారు. కడగడానికి పోయింది పోగా, పీపాల్లో మిగిలిన పెట్రోలు రెండు ట్యాంకులకీ సరిగ్గా సరిపోయింది. పన్నెండూ నలభై అయింది. బావ షెడ్డు తలుపు మీద సుద్దముక్కతో లెక్క వేశాడు.

"పైన ఎగిరితే ఎదురుగాలి. అయిదూ పదికి చేరతావు."

"చేరి ఏం లాభం?"

"కింద ఎగిరితే గాలి ఉండదు. చెట్లెత్తున పో. నేను రోజూ పోయేది అలాగే. అయిదింటికి ముందే చేరొచ్చు. కానీ కింద ఇంజను ఎక్కువ తాగుతుంది. ఇంకా పది కిలోమీటర్లు ఉందనగా అయిపోతుంది." సుద్దముక్క ఆగిపోయింది. "పెట్రోలు చాలితే టైము చాలదు. టైము చాలితే పెట్రోలు చాలదు."

అంకెలన్నీ చెరిపి మళ్లీ వేశాడు. అవే వచ్చాయి.

"చివర్లో పైకెక్కు," అన్నాడు బావ చివరికి. "ఇంకో పావుగంటకి సరిపడా ఉందనగా, ఉన్నదంతా పోసి పైకెక్కెయ్. తర్వాత ఇంజను ఆగినా జారుకుంటూ పోవచ్చు. మందు చల్లేవాళ్లం మేం అంటాంలే, ఎత్తు కూడా ఒక రకం పెట్రోలే అని. చాలుతుందని మాత్రం నేను చెప్పను."

లోపలికి వెళ్లి మొహం కడుక్కుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. కుడివైపు తలుపు తెరిచి, ఒక కాలు లోపల పెట్టి, అలాగే ఆగిపోయాడు.

"నేను తొంభై కిలోలు," అన్నాడు. "ఈ కురచ స్ట్రిప్‌లో ఇద్దరినీ, ఇంత పెట్రోలునీ ఇది మోయలేదు. నేనెక్కితే గంట పెట్రోలు దించాలి."



బావ కాలు వెనక్కి తీసుకుని తలుపు వేశాడు. గట్టిగా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు.

"బస్సులో వస్తాను. రేపు పొద్దుటికి చేరతాను. ఎలా ఉంటే అలా చూస్తాను. ఇక పో, బావా."

నాలుగు గంటలు చెట్ల మీద నుంచి, ఆరేసిన దుప్పట్ల మీద నుంచి, తలెత్తి చూసే మనుషుల మీద నుంచి ఎగిరాడు. ఒక బడి ఆవరణలో పిల్లలు చేతులూపారు. ఆ పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడాల్సిన మనిషి తన వల్ల మంచం మీద ఉందని అతను పైకే అనుకున్నాడు. ఇంజను మోతలో ఆ మాట అతనికే వినపడలేదు. మూడింటికి ఏడ్చాడు. నాలుగింటికి ఏడుపు కూడా విసుగనిపించి మానేశాడు.

నాలుగున్నరకి ముక్కు పైకెత్తాడు. నాలుగూ నలభై రెండుకి ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగింది. ప్రొపెల్లర్ నిలువుగా నిలబడిపోయింది. ఇంత నిశ్శబ్దం ఆ విమానంలో అతను ఎప్పుడూ వినలేదు. దూరంగా తెల్లటి ఆసుపత్రి, వెనక దువ్వెన పుల్లంత స్ట్రిప్. నేల తొందరపడుతోంది, స్ట్రిప్ తొందరపడటం లేదు. టెలిఫోన్ తీగల్ని చక్రం రాసుకుంది. చక్రాలు రన్‌వే మొదలుకి రెండు గజాల ముందు, గడ్డిలో తగిలాయి.

గేటు పక్కన ఖాళీ కుర్చీ ఉంది. కుర్చీ కింద ఏడెనిమిది సిగరెట్ పీకలు. పొద్దున్నుంచీ అక్కడ ఎవరో తన కోసం కాపలా కాశారు, సీసా పగిలిందన్న కబురు విని లేచి వెళ్లిపోయారు. తాబేలు ఆ కుర్చీని దాటుకుని పరిగెత్తాడు. డాక్టరు సూది గుచ్చేటప్పటికి గోడ గడియారంలో అయిదుకి రెండు నిమిషాలు తక్కువ.

అయిదున్నర దాకా ఏమీ జరగలేదు. డాక్టరు తల అడ్డంగా ఊపి కిటికీ దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పుడు పిచ్చుక కళ్లు తెరిచింది. అన్నని గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"నెమలి," అంది. "ఆరింటికి... ఎయిర్‌పోర్టులో. హ్యాండ్ క్రీమ్ డబ్బా. అడుగున."

తాబేలు డాక్టరు ఫోన్‌లోంచి చీఫ్ ఇంటికి చేశాడు. ఎత్తింది చీఫ్ భార్య.

"వదినగారూ, నేను తాబేలుని. సార్ ఎక్కడున్నా పక్కింటి కుర్రాణ్ణో పాలవాణ్ణో పంపి చెప్పించండి, ఆఫీసుకి మాత్రం ఫోన్ చేయకండి. ఆరింటికి మీ ఊరి ఎయిర్‌పోర్టుకెళ్లి నెమలి చేతిలో ఉన్న హ్యాండ్ క్రీమ్ డబ్బా తెచ్చుకోమనండి. ఆ డబ్బానే కావాలనండి."

"ఈ వయసులో ఆయనకి హ్యాండ్ క్రీమ్ ఏమిటయ్యా?" అందావిడ. కానీ తెలివైన మనిషి, స్కూటర్ తీసి తనే వెళ్లింది.

ఆరుకి ఒక నిమిషం ముందు, బయలుదేరే విమానం గేటు దగ్గర, నెమలి ఒక విదేశీ టూరిస్టుకి నవ్వుతూ అందిస్తున్న డబ్బాని మధ్యలో చీఫ్ అందుకున్నాడు. క్రీమ్ కింద, గోరంత ఫిల్ములో, ముప్ఫై ఒక్క పేర్లు ఉన్నాయి.

రాత్రికి డాక్టరు తాబేలుని వరండాలోకి పిలిచాడు. "మందు గుండెని కాపాడింది. కాళ్లని కాపాడలేదు. చేతులు కూడా అంతే. ఒక రెండు గంటలు ముందు వచ్చి ఉంటే వేరేగా ఉండేది."

పంచదార మిల్లు, కిరసనాయిలు, తోడటం, కడగటం. ఆ రెండు గంటలు ఎక్కడెక్కడ పోయాయో అతనికి నిమిషాలతో సహా తెలుసు. పద్ధతి ప్రకారం ముందే పరీక్షించి ఉంటే అందులో ఒక గంట మిగిలేది. 'ఇంకో స్ట్రిప్ ఉంది' అన్న సంగతి పొద్దున తనకి తను ఒప్పుకుని నేరుగా బావ దగ్గరే దిగి ఉంటే రెండూ మిగిలేవి.

"ఆయనకి తెలుసా?" అంది పిచ్చుక. డాక్టరు మాటలు ఆమెకీ వినపడ్డాయి.

"బస్సులో వస్తున్నాడు."

"రావద్దని చెప్పు అన్నయ్యా. ఇలా చూడనివ్వకు."

"బస్సెక్కాక ఎలా చెప్పను?"

ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. తిప్పుకోగలిగింది మొహం ఒక్కటే. తాబేలు తెల్లవార్లూ ఆ మంచం పక్కనే, బస్సు వచ్చే వేళ కోసం భయపడుతూ కూర్చున్నాడు.

తెల్లవారాక డిపార్ట్‌మెంట్ నుంచి ఫారం వచ్చింది. దేశం నిలబడినా కూలినా వాళ్లకి ఫారం రావాల్సిందే. ఏడో ప్రశ్న: అనుమతి పొందిన జాబితాలో లేని చోట ఇంధనం నింపుకోవడానికి కారణమేమిటి?

కింద బస్సు ఆగిన చప్పుడైంది. ఉతికిన చొక్కా, ఇప్పుడు బాగా నలిగి, గేటు దాటి మెట్ల వైపు వస్తోంది. తాబేలు లేచే ముందు కలం తీసి గళ్లలో గబగబా రాశాడు.

"బంధువుల ఇల్లు. ఆ దారిన పోతూ దిగకపోతే బాగుండదు."